దొరసానమ్మ తల్లి కుడి చెంప

"ఓర్నాయనో! అమ్మోరి మీద కూకుంతావేటి బాబూ?"

సాక్చీలో మినీబస్సు ఎక్కి, ఒక్క సీటు ఖాళీగా కనిపించిందని సంబరపడి కూర్చోబోతున్న జానకిరామ్ నడుం సగం వంచి అక్కడే ఆగిపోయాడు. సీటు ఖాళీగా లేదు. ఎర్రగుడ్డ కప్పిన వెదురుబుట్ట ఒకటి ఉంది. బుట్టకి అటువైపు కేకేసిన ముసలావిడ. ఇటువైపు కేకెయ్యకుండా చూపుతోనే పని కానిస్తున్న అమ్మాయి.

"దేఖ్ కే బైఠియే నా, భయ్యా!" అంది అమ్మాయి, చూసి కూర్చోవాలి కదా అన్నట్టు.

భయ్యా అన్న మాట జానకిరామ్‌కి బొత్తిగా నచ్చలేదు. అమ్మాయి మాత్రం నచ్చింది. బయట వాన. ఆమె జడ కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి. కోపంలో ముక్కు పుటాలు అదురుతున్నాయి. పెళ్ళికాని ఇంజినీరు మనసు పారేసుకోవడానికి ఇంతకన్నా సరంజామా అక్కర్లేదు.

"నేను తెలుగువాణ్ణేనండీ," అన్నాడు, అది సీటుకి రిజర్వేషన్ అయినట్టు.

"అయితే ఏటి? తెలుగోళ్ళైతే అమ్మోరి మీద కూకోవచ్చా?" అంది ముసలావిడ.

అంతలో డ్రైవరు బ్రేకు వేశాడు. బుట్ట మీది ఎర్రగుడ్డ జారిపోయింది. లోపల పసుపూ కుంకుమా పూసుకుని, పట్టుగుడ్డ చుట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకుని ఉంది ఒక బొమ్మ. చెవి దగ్గర పసుపు రాలిపోయిన చోట లేత గులాబీ రంగు కనిపించింది. జానకిరామ్ అమ్మాయిని మరిచిపోయాడు.

అతను బెనారస్‌లో సెరామిక్స్ చదివి గమ్హరియాలో కొలిమి ఇటుకల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. పొద్దస్తమానం ఇటుకలే. ఇటుక గురించి ఎవరితో ఎంతసేపు మాట్లాడతాం? బెనారస్‌లో వాళ్ళ ప్రొఫెసరుగారి అద్దాల బీరువాలో ఇలాంటి బొమ్మ ఒకటి ఉండేది. అది చూశాకే అతనికి మట్టి మీద ప్రేమ పుట్టింది.

"ఇది జర్మన్ బొమ్మండీ!" అన్నాడు, బస్సంతా వినేలా. "బిస్క్ పోర్సిలిన్, అంటే పింగాణీయే! మెరుపు పూత వెయ్యకుండా కాలుస్తారు. అందుకే మనిషి చర్మంలా ఉంటుంది. మెడ వెనక చూడండి, కంపెనీ మార్కు ఉంటుంది!"

కండక్టరు రెండు చెంపలూ వేసుకున్నాడు. ఆ రూట్లో తిరిగేవాళ్ళందరికీ బుట్టలో ఉన్న దొరసానమ్మ తల్లి తెలుసు.

"మీరెక్కడ దిగాల?" అంది అమ్మాయి మెల్లగా.

"టెల్కో. ఫ్రెండింట్లో టీవీ చూడ్డానికి..."

"ఇక్కడే దిగిపోండి. మంచి మాట చెప్తన్నా."

కాని ముసలావిడ, ఆవిడ పేరు దాలమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుని అతన్నే చూస్తోంది. "జర్మనీ దొరదని నీకెలా తెలిసింది బాబూ? మేం బయటోళ్ళకి ఎవలికీ సెప్పనేదే!"

ఆ తర్వాత బస్సు గోల్మురి దాటేలోగా కథంతా చెప్పేసింది. ఇక్కడ ఉక్కు కార్ఖానా కొత్తగా లేస్తున్న రోజుల్లో దాలమ్మ తల్లి ఒక జర్మన్ దొర బంగళాలో ఆయాగా చేసేది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. సర్కారు మనుషులు వచ్చి దొరనీ, దొరసానినీ, వాళ్ళ పాపనీ బండెక్కించి తీసుకుపోయారు. ఆ హడావిడిలో పాప బొమ్మ ఆయా చేతిలో ఉండిపోయింది. పడుకోబెడితే కళ్ళు మూసుకునే బొమ్మ, లేవనెత్తితే నీలికళ్ళు తెరిచి సూటిగా చూసే బొమ్మ. శ్రీకాకుళం జిల్లా నుంచి మట్టి మొయ్యడానికి వచ్చిన జనం అలాంటిది కలలో కూడా చూసి ఉండరు. విషజ్వరాలు వచ్చిన ఏడు ఆయా ఆ బొమ్మని గుమ్మంలో నిలబెట్టింది. జ్వరం ఆ గుడిసెల వరసలోకి రాలేదు. అప్పట్నుంచీ అది బొమ్మ కాదు.

"ఇప్పుడు అమ్మకి కోపమొచ్చింది బాబూ. ఎత్తినా కళ్ళు తెరవట్నేదు. మా సిలక పెళ్ళిమాట అడగాల. అమ్మ కళ్ళు తెరిత్తేనే గదా అడగడం! సాక్చీలో గడియారాలోడికి సూపించేం. నా వల్ల కాదనేసినాడు."

"అది నేను చేస్తానండీ!" అన్నాడు జానకిరామ్. "లోపల కళ్ళకి సీసం గుండు వేలాడుతుంది. అది ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. చిన్న పని!"

దాలమ్మ వెనకనుంచి అమ్మాయి అతనివైపు కళ్ళు ఇంతింత చేసి చూసింది. తల అడ్డంగా ఊపింది. చెయ్యి కూడా ఊపింది. ఆడపిల్ల తనంత తానుగా ఇన్ని సైగలు చెయ్యడం జానకిరామ్ జీవితంలో అదే మొదలు. అతనికి టీవీ సంగతి గుర్తే రాలేదు.

"సూసేవేటే సిలకా?" అంది దాలమ్మ మనవరాలితో. "అమ్మే ఈ బాబుని పంపించింది. ఆ జర్మనీ మాట ఈ బాబు నోట అమ్మే పలికించింది."

అమ్మవారు కాదు, బొమ్మ అని రుజువు చెయ్యబోయినవాడు ఆ విధంగా అమ్మవారి మహిమకి సాక్షి అయిపోయాడు.

* * *

ఆదివారం జానకిరామ్ చిన్న స్క్రూడ్రైవరూ, టార్చిలైటూ, ఇస్త్రీ చొక్కాతో బిర్సానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాడు. చిలకమ్మ తండ్రి అసిరయ్య క్రేన్ ఆపరేటరు. కింద ఉన్నవాళ్ళతో కేకలేసి మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అదే గొంతు. "రండి బాబూ!" అన్నాడంటే పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు.

అందరూ చేతులు జోడించి నిలబడితే జానకిరామ్ బొమ్మ జుట్టు ఎత్తాడు. దానికింద తల మీద అట్టముక్క మూత. మూత తీసి టార్చి వేశాడు. సీసం గుండు వెనక దూది ఉండ ఒకటి దట్టించి ఉంది. తెల్లగా, కొత్తగా ఉంది. డెబ్భై ఏళ్ళ బొమ్మ తలలోకి కొత్త దూది ఎలా వచ్చిందని ఎవరికైనా అనుమానం రావాలి. మనవాడికి రాలేదు. అతని ధ్యాసంతా చిలక తనని చూస్తోందా లేదా అన్నదాని మీదే ఉంది.

దూది లాగేసి, మూత పెట్టి, బొమ్మని లేవనెత్తాడు. నీలికళ్ళు టక్కున తెరుచుకున్నాయి. దాలమ్మ ఏడ్చేసింది. వీధివీధంతా దండాలు పెట్టింది. అసిరయ్య కొబ్బరికాయ కొట్టాడు. జానకిరామ్ గర్వంగా తిరిగి చూస్తే చిలక లేదు. పెరట్లో కుళాయి దగ్గర నిలబడి రమ్మని సైగ చేస్తోంది. అతను దాదాపు పరిగెత్తాడు.

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అంది చిలక.

"మీరే కదా, బస్సులో అన్ని సైగలు..."

"వద్దని చేసేను బాబూ! తల ఇలా ఇలా ఊపితే వద్దని కాదా? మీ ఊళ్ళో అవునని అర్థమేటి?"

"అంటే..."

"ఆ దూది నేనే పెట్టేను. అమ్మ కళ్ళు తెరవకపోతే పెళ్ళిమాట అడగరు. అడగకపోతే పెళ్ళి లేదు. హాయిగా ఉన్నాను. ఇంతలో తమరు దిగేరు, స్క్రూడ్రైవరుతో!"

జానకిరామ్‌కి కాళ్ళకింద బిర్సానగర్ కొంచెం కదిలింది. "పెళ్ళికొడుకు ఎవరు?"

"బంగారురాజు. మా పోలరాజు మామ కొడుకు. ఖరగ్‌పూర్‌లో రైల్వే."

"చెడ్డవాడా?" అన్నాడు ఆశగా.

"చాలా మంచోడు. అదే గొడవ. చెడ్డోడైతే నాన్నకి చెప్పుకుందును. మా అమ్మ పోయినప్పుడు నా ముక్కు చీది, నన్ను స్కూలుకి తీసికెళ్ళినోడు. అన్నయ్య లాటోడు. వాణ్ణి పెళ్ళాడమంటే ఎలా చచ్చేది?"

ఆమె వెంటనే కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. అంతవరకు నచ్చిన అమ్మాయి ఆ క్షణాన జానకిరామ్‌కి కావలసిన మనిషి అయిపోయింది. ఆ ముక్క చెప్పాల్సింది. అతను మాత్రం, "దూది మళ్ళీ పెట్టెయ్యనా?" అన్నాడు.

"ఊరంతా చూసేక? మీ బుర్రలో కూడా ఉన్నట్టుంది, అది తీయించుకోండి ముందు."

* * *

దూది తీసిన పుణ్యమా అని అతనికి ఆ ఇంట్లో ఒక ఉద్యోగం దొరికింది. అమ్మోరి కళ్ళ డాక్టరు. వారంవారం వచ్చి కళ్ళు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూసిపోవాలి. బొమ్మ కళ్ళకి నిమిషం పట్టేది. మిగిలిన పూటంతా వసారాలో కూర్చుని టీ తాగేవాడు.

"ఇవాళ అమ్మ చూపు ఎలా ఉంది డాక్టర్ సాబ్?" అనేది చిలక, బయాలజీ ప్రాక్టికల్ రికార్డులో కప్ప బొమ్మ గీసుకుంటూ.

"బాగుంది. కాకపోతే అమ్మ పక్కన కూర్చునేవాళ్ళ చూపే కొంచెం వాడిగా ఉంది."

"దానికి మందు లేదా?"

"ఉంది. రోజూ చూడాలి. వారానికోసారి చాలదు."

చిలక కప్పకి అయిదో కాలు గీసేసి, రబ్బరు కోసం లోపలికి పోయేది. వాన వస్తే అతను తిరిగి ఇంటికి వెళ్ళలేకపోయేవాడు. వాన రాకపోతే రాలేదేమా అని ఇద్దరూ ఆకాశం వైపు చూసేవాళ్ళు. ఇంత జరిగినా జానకిరామ్ ఒక్కసారి కూడా అసలు మాట ఎత్తలేదు. ముందు బంగారురాజు సంబంధం తప్పాలి, ఆ తర్వాత అడగాలి అని అతని లెక్క. ఫ్యాక్టరీలో కూడా ఒక కొలిమి చల్లారాక గాని ఇంకోటి ముట్టించడు.

చివరికి పోలరాజు ఖరగ్‌పూర్ నుంచి వస్తున్నానని కబురుపెట్టాడు. మంగళవారం పొద్దున్న అమ్మని అడుగుతారు.

"ఎలా అడుగుతారు?" అన్నాడు జానకిరామ్.

చిలక చెప్పింది. అమ్మకి స్నానం చేయించి కొత్తగా పసుపు రాస్తారు. ఇంటి ఆడపిల్ల తడి మందార రేకలు రెండు తీసుకుని అమ్మ చెంపలకి చెరొకటి అంటిస్తుంది. మనసులో మాట అడిగి అందరూ కూర్చుంటారు. కుడి చెంప రేక ముందు రాలితే అమ్మ సరేనన్నట్టు. ఎడమ చెంపది ముందు రాలితే వద్దన్నట్టు.

"అంటే మనకి ఎడమది రాలాలి," అన్నాడు జానకిరామ్. 'మనకి' అన్న మాట ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ విననట్టు ఊరుకున్నారు. "నేను చూసుకుంటాను."

"మీరేటీ చూసుకోవద్దు," అంది చిలక రెండు చేతులూ జోడించి. "హాథ్ జోడ్‌తీ హూఁ. నా తిప్పలు నేను పడతాను."

* * *

మంగళవారం పొద్దున్నే వాన మొదలైంది. పూజకి ముందు కళ్ళు పరీక్షించే వంకతో జానకిరామ్ దేవుడి మూలకి వెళ్ళాడు. పూత లేని పోర్సిలిన్‌కి తడి రేక బాగా పట్టుకుంటుందని అతనికి తెలుసు. జిడ్డు ఉంటే పట్టుకోదనీ తెలుసు. జేబులోంచి వాజిలీన్ డబ్బా తీశాడు. బొమ్మకి ఎదురుగా నిలబడి, ఎడమ చెంప చూసుకుని, పసుపు మీద వేలితో పల్చగా రాశాడు. దండం పెట్టుకుని బయటికొచ్చాడు. ఆ దండం మాత్రం నిజంగానే పెట్టాడు.

తర్వాత చిలక మందార రేకలు పట్టుకుని వెళ్ళింది. కొంచెం ఎక్కువసేపే ఉంది.

దొరసానమ్మ పీట మీద కూర్చుంది. ఎదురుగా చాప మీద దాలమ్మ, అసిరయ్య, మెడలో తువ్వాలుతో పోలరాజు. తలుపు దగ్గర జానకిరామ్. చిలక గోడకి ఆనుకుని నిలబడింది.

దాలమ్మ కళ్ళు మూసుకుని అడిగింది. అందరూ చెంపల వైపు చూస్తూ కూర్చున్నారు. బయట వాన చప్పుడు.

కాసేపటికి ఒక రేక మెల్లగా జారింది. బొమ్మ గడ్డం దాకా వచ్చి, ఒళ్ళో పడింది. జానకిరామ్ రాసిన చెంపదే. అతని మొహం వెలిగిపోయింది.

"కుడిది!" అని అరిచాడు పోలరాజు. "కుడిది రాలింది బావా! అమ్మ సరేనంది!"

దాలమ్మ చెంపలేసుకుంది. అసిరయ్య లేచి బావమరిదిని కౌగిలించుకున్నాడు. జానకిరామ్‌కి అర్థం కాలేదు. చిలక వైపు చూశాడు. ఆమె ముఖంలో రక్తం లేదు. పెదవి కొరుక్కుంటోంది, కన్నీళ్ళు ఆగడం లేదు. అప్పుడు బొమ్మ వైపు మళ్ళీ చూశాడు. చేతులు చాచి తనవైపు తిరిగి కూర్చున్న బొమ్మ. అమ్మ కుడి అమ్మకే. ఎదురుగా నిలబడ్డవాడికి అది ఎడమ.

రెండుసార్లు సాయం చేసి రెండుసార్లూ ఆ పిల్లని పెళ్ళిపీటల మీదికి తోసింది తనే. ఇప్పుడు నోరు మూసుకుని బస్సెక్కెయ్యవచ్చు. ఎవరికీ తెలీదు. కాని ఆ పిల్ల గోడకి ఆనుకుని అలా నిలబడి ఉంటే అతనికి కాళ్ళు కదల్లేదు.

"ఆ రేక అమ్మ రాల్చలేదండీ," అన్నాడు. "నేను రాల్చాను. వాజిలీన్ రాశాను."

దాలమ్మ ముందుకి వంగి అమ్మ ఒళ్ళోంచి రేక తీసింది. వేళ్ళతో నలిపి చూసింది. "జిడ్డుగానే ఉంది. ఇది నీది. మరి దీనికి తెల్లగా ముద్ద కూడా అంటుకునుంది. ఇదెవలిది?"

చిలక ముక్కు చీదుకుంది. "నాది మామ్మా. మైదా. కుడిది రాలకూడదని అంటించేను." అని జానకిరామ్ మీద విరుచుకుపడింది. "నే చెప్పేనా లేదా, ఏటీ చూసుకోవద్దని!"

"ఎడమకే రాశాను!"

"అమ్మ ఎడమ! మీ ఎడమ కాదు!"

"అది ముందే చెప్పాలి కదా!"

"ఇదీ చెప్పాలా? బెనారస్‌లో ఏటి నేర్పేరు మీకు? నేను శుభ్రంగా అంటించుకుంటే దానికింద జిడ్డు రాసేరు. ఏ మైదా ఆగుద్ది?"

"మీరు మైదా రాస్తున్నారని నాకు చెప్పారా?"

"మీరు వాజిలీన్ రాసేనని చెప్పేరా?"

పోలరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బావా," అన్నాడు నీరసంగా, "ఈలిద్దరికీ పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

అప్పుడు గాని వాళ్ళిద్దరికీ ఇంట్లో ఇంకా మనుషులున్నారని గుర్తు రాలేదు.

"అమ్మోరికే మైదా రాసిన పిల్ల రేపు నా ఇంటికొచ్చి ఎవలికి ఏటి రాత్తదో! నా కొడుక్కొద్దు బాబూ," అంటూ పోలరాజు తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. వాన జోరుగా ఉండడంతో వసారాలోనే కూలబడ్డాడు.

అసిరయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. క్రేన్ మీంచి కేకలేసే గొంతు ఇప్పుడు పైకి రాలేదు. "నీకు ఇట్టం నేదని నాకో మాట సెప్తే నాను కాదందునా సిలకా?"

"నన్నడిగేరేటి నాన్నా?" అంది చిలక. ఆమెకిప్పుడు కోపం లేదు, ఏడుపే ఉంది. "మామనడిగేరు. మామ్మనడిగేరు. అమ్మోరినడిగేరు. పువ్వునడిగేరు. పెళ్ళి నాది నాన్నా. ఒక్కరైనా నన్నడిగేరా?" జానకిరామ్ వైపు వేలు చూపించింది. "ఈయనా అంతే. బొమ్మ కళ్ళు చూత్తాడు, బొమ్మ చెంపలకి రాత్తాడు. నా మొహం చూసి ఒక్క మాట అడగడు."

అసిరయ్య జానకిరామ్ ముందుకి వచ్చి నిలబడ్డాడు. "మీది కద్మాలో పెద్ద క్వార్టరు. మీ నాన్నగారు ఆఫీసరు. మీ ఇంటికాడ ఒప్పుకుంతారా బాబూ?"

"నాన్నగారు ఒప్పుకుంటారండీ. అమ్మ విషయమే... మా ఇంట్లో పువ్వులు రాలవు, పళ్ళాలు రాలతాయి. అయినా నేను అడిగి ఒప్పిస్తాను. వాజిలీన్ లేకుండానే."

"అయితే అడుగు. నా ముందరే అడుగు. నాకూ ఇనాలని ఉంది."

జానకిరామ్ చిలక ఎదురుగా వెళ్ళాడు. ఇంతకాలం దాచుకున్న కవిత్వమంతా ఎటో పోయింది.

"చిలకమ్మగారూ," అన్నాడు. "నేను రెండుసార్లు మీ కొంప ముంచాను. మళ్ళీ ముంచనని చెప్పలేను. కాని మీరు లేని వారం నాకు గడవడం లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అంతసేపూ గలగలలాడిన పిల్ల చూపు నేలకి దించింది. తలూపుదామనుకుని, ఇతనికి తలూపితే ఏం అర్థమవుతుందో తెలుసు గనక ఆగింది.

"ఊఁ," అంది.

"గట్టిగా సెప్పవే," అంది దాలమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ. "వసారాలో నీ మామున్నాడు. ఆడికీ ఇనబడాల."

"చేసుకుంటాను!" అని అరిచింది చిలక. అచ్చం తండ్రి గొంతు. అవతలి వీధిలో ఎవరో కిటికీ తెరిచారు.

వసారాలో పోలరాజు పెద్దగా నిట్టూర్చాడు.

"ఇన్నానర్రా, ఇన్నాను," అన్నాడు. "బంగారురాజుకి నాను సెప్పుకుంతాను గాని, ముందు ఆ అన్నమేదో ఎట్టండి. కొత్త అల్లుడికి కూడా ఎట్టండి. ఆడి ఇస్తరాకు మాత్రం ఆణ్ణి ఏసుకోనీకండి, కుడేదో ఎడమేదో ఆడికి తెల్దు."